అల్పవిత్తుని హిమారోహణము – కామ్యకర్మ న్యాయము



దేవాలయమునకు వచ్చు యువకులలో కొందరు ఈమధ్య ఒక క్రొత్త కోరికతో సంకల్పము చెప్పించుకొనుచున్నారు. ఉద్యోగప్రాప్తి, వివాహసిద్ధి అనునవి పూర్వమునుండి ఉన్నవే. "హిమాలయాలలో మంచుకొండ ఎక్కాలని ఉంది, నిర్విఘ్నంగా జరిగేటట్లు అర్చన చేయండి" అని కోరుట క్రొత్త. ఆ వెనువెంటనే వచ్చు రెండవ మాట ధనమును గూర్చినది. జీతము తక్కువ, మంచుగొడ్డలి మొదలు పాదరక్షల వరకు సమస్తమును వెలగలది, తక్కువ వ్యయముతో ఆరంభించు మార్గమేది అని అడుగుదురు.

ఇది అర్చకుని అడుగవలసిన ప్రశ్న కాదని తోచవచ్చును. కాని కర్మకు సామగ్రి కావలెను, సామగ్రికి ధనము కావలెను, ధనము చాలనప్పుడు ఏది తగ్గింపవచ్చును, ఏది తగ్గింపరాదు అను విచారము మీమాంసాశాస్త్రమునకు అతిప్రాచీనమైన విషయము. జైమిని సూత్రములలో ఆరవ అధ్యాయము అధికారమును గూర్చినది. అందలి మూడవ పాదము సరిగా దీనినే పరిశీలించును. మా ఇంటిలోనే ఈ ప్రశ్న ఉదయించినప్పుడు నాకు త్రోవ చూపినది ఆ పాదమే.

నిత్యము – కామ్యము

అగ్నిహోత్రము, సంధ్యావందనము మొదలైనవి నిత్యకర్మలు. మానినచో ప్రత్యవాయము కలుగును. కావున వీనిని శక్తికొలది చేయవచ్చును. ప్రధానము జరిగిన చాలును. అంగములలో కొన్ని లోపించినను కర్మ సిద్ధించును. లేవలేని రోగి మంచముపై కూర్చుండియే సంధ్య వార్చుకొనును. సంకల్పములో మనము "యథాశక్తి" అని పలుకుట ఇందుకే.

కామ్యకర్మ అట్టిది కాదు. వర్షమును కోరియో, పుత్రుని కోరియో చేయు ఇష్టిని ఎవరును తప్పనిసరిగా చేయనక్కరలేదు. మానిన దోషము లేదు. చేసినచో మాత్రము సర్వాంగములతో చేయవలెను. ఒక్క అంగము లోపించినను ఫలము సిద్ధింపదు. కనుక సమస్తాంగములను సమకూర్చుకొనగలవానికే కామ్యమునందు అధికారమని సిద్ధాంతము. "అసలైన ద్రవ్యము లేకున్న మరియొకదానితో సరిపెట్టుకొందును" అని ముందుగనే తలచి కామ్యమును ఆరంభించుట చెల్లదని ధర్మశాస్త్రకారులును చెప్పిరి.

మంచుకొండ నెక్కుట శుద్ధ కామ్యము. ఎక్కుమని ఏ విధియు లేదు. ఎక్కకున్న ఏ ప్రత్యవాయమును లేదు. కనుక అక్కడ యథాశక్తి అను మాటకు తావు లేదు. ధనము తక్కువైనవాడు అంగములను తగ్గింపరాదు, క్రతువునే చిన్నదిగా ఎంచుకొనవలెను. సోమయాగమునకు శక్తి లేనివాడు సోమయాగమును సగము చేసి విడువడు. ఒక ఇష్టిని పూర్తిగా చేయును. నేను చెప్పదలచినది ఇంతే. మిగిలినదంతయు దీని వివరణము.

ఇంటి ముంగిట ప్రశ్న

మా తమ్ముడు అకాలమున గతించినాడు. అతని ఏకైక కుమారుడు హైదరాబాదులో చిరుద్యోగి. మూడేండ్ల పొదుపు చేతిలో పెట్టుకొని ఆరువేల మీటర్ల శిఖరమొకటి ఎక్కుదునని బయలుదేరినాడు. అనుభవము అక్కరలేదు, పది దినములలో తీసికొనిపోయి తెచ్చెదము, వెల స్వల్పము అని ఎవరో చెప్పిన మాట అతనికి రుచించినది.

అది 2022వ సంవత్సరపు శీతకాలము. ఆ యేడు అక్టోబరు 4వ తేదీన గఢవాల్ హిమాలయములలో, 5670 మీటర్ల ఎత్తుగల ద్రౌపదీ కా డాండా రెండవ శిఖరముపై, ఉత్తరకాశీ నుండి వెళ్లిన శిక్షణబృందము మీద హిమపాతము విరిగిపడి 29 మంది మరణించిరి. వారిలో అదే మే నెలలో పదహారు దినముల వ్యవధిలో ఎవరెస్టును, మకాలును అధిరోహించిన యువతి శిక్షకురాలుగా ఉన్నది. మా మరదలు ఆ వార్తాపత్రికను మడిచి తెచ్చి నా ముందుంచినది.

"బావగారూ, వాడు మీ మాట జవదాటడు. మీరు వద్దంటే ఆగిపోతాడు. ఆ ఒక్కమాట చెప్పండి" అన్నది.

ఆమె చెప్పినది సత్యము. నేను వద్దన్నచో ఆగును. కాని నిషేధము కోరికను చంపదు, దాచును. దాచిన కోరిక ఒకనాడు ఇంటిలో చెప్పకుండ బయలుదేరును. అట్లని పొమ్మనుటయు నాకు చెల్లదు. తల్లికి అతడొక్కడే ఆధారము. అతనిని పిలిపించి, "నాయనా, నీవు తలపెట్టినదానికి అంగములెన్నో వ్రాసి తీసుకురా" అన్నాను.

"ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చో అదే చూస్తున్నాను పెదనాన్నా."

"తగ్గించుకో. కానీ ఏది తగ్గిస్తున్నావో తెలిసి తగ్గించు."

అతడు నాలుగు దినములలో రెండు పుటల జాబితాతో వచ్చినాడు. మే మిరువురము అమ్మవారి మండపములో కూర్చుండి దానిని విభజించినాము.

వెల తగ్గుట – అంగము తగ్గుట

మొదట తేలినదేమనగా, వెల తగ్గుట వేరు, అంగము తగ్గుట వేరు. యజ్ఞపాత్ర నిన్ననే కొన్నదై యుండవలెనని విధి లేదు. మా తాతగారి నాటి రాగిపాత్రలతోనే నేటికిని అభిషేకము జరుగుచున్నది. అరువు తెచ్చిన పాత్రతో చేసిన కర్మకు లోపము లేదు. అట్లే దూదిపరుపువలె మందమైన చలికోటు, నిద్రసంచి, వెన్నుసంచి, మంచుగొడ్డలి, పాదరక్షలకు అడుగున బిగించు ఇనుపకోరల క్రాంపాన్లు, ఇవి ఇతరులు వాడినవైనను పనికివచ్చును. మనాలిలోను, ఉత్తరకాశీలోను అద్దెకు దొరకును. ఇనుములో పగులు లేదని చూచుకొనవలెను. కోరలు ఆ పాదరక్షకే సరిగా బిగియునవై యుండవలెను. మెత్తని అడుగుగల బూటుకు గట్టి క్రాంపాను నిలువదు. విమానమునకు బదులు రైలులో వెళ్లుట, వసతిగృహమునకు బదులు ధర్మశాలలో దిగుట, ఇవన్నియు వెల తగ్గుటయే.

వస్త్రముల విషయమున అతనికి ఆశ్చర్యము కలిగినది. నూలుబట్ట చెమటను పీల్చి తడిసి, ఆ తడితో దేహపు వేడిని హరించును. కనుక ఒంటిని అంటియుండు బట్ట నూలుది కారాదు. ఊలుదియో, త్వరగా ఆరు కృత్రిమపు నేతదియో కావలెను. మడికి ఊలు ప్రశస్తమని మన ఇండ్లలో చెప్పు మాట మంచుకొండపై మరియొక కారణమున సత్యమైనది. ఇంటిలో ఉన్న ఊలుచొక్కాలు రెండు చాలునని తేలి, జాబితాలో ఒక పెద్ద సంఖ్య కొట్టివేయబడినది.

ఇక తాళ్లు, మంచులోనికి మరవలె త్రిప్పి దించు బోలు ఇనుపగొట్టములైన ఐస్ స్క్రూలు మొదలైనవి ఆరంభకుడు కొననే అక్కరలేదు. అవి నేర్పువాని వద్ద ఉండును. వానిని వాడుట తెలియకమునుపే కొనుట ధనవ్యయమే గాక, తెలియుననెడి భ్రమకును కారణము.

యాతయామము

శాస్త్రములో అయాతయామమను మాట కలదు. ఒకసారి వినియోగించినను సారము తరగనివి అయాతయామములు. దర్భలు, కృష్ణాజినము, మంత్రములు అట్టివని చెప్పుదురు. వినియోగముతో సారము పోవునవి యాతయామములు. వానిని మరల కర్మలో వాడరాదు.

ఆరోహణసామగ్రిలో తాడు, నడుమునకు కట్టు హార్నెస్, శిరస్త్రాణము యాతయామములు. పడిన మనిషి బరువును పట్టుకొను తాడు కొంత సాగవలెను. సాగి, ఆ విసురును తనలో ఇముడ్చుకొనవలెను. బావిచేద గాని, లారీకి బిగించు మోకు గాని ఆ పని చేయజాలవు. నైలాను తాడు ఎండకు చెడును. బ్యాటరీలోని ఆమ్లము సోకినను పైకి గుర్తు కనబడక లోపల చెడును. వాడకుండ దాచినను పదేండ్లకు మించి నమ్మరాదని తయారుచేయువారే చెప్పుదురు. శిరస్త్రాణము ఒక గట్టి దెబ్బ తినినచో దాని ఆయువు తీరినట్లే. కనుక చరిత్ర తెలియని తాడును, ఇతరుల తలపై ఎన్ని దెబ్బలు తినినదో తెలియని శిరస్త్రాణమును సగము వెలకు వచ్చినను ముట్టరాదు. మీమాంసకులు కూడ నిత్యకర్మలో వ్రీహికి బదులు నీవారధాన్యమును అంగీకరించి, మినుములను, ఆళ్లను అంగీకరింపలేదు. దొరకుచున్నది గదా అని నిషిద్ధద్రవ్యమును చేర్చరాదు.

దీనికి స్విట్జర్లాండు, ఇటలీల సరిహద్దున ఉన్న మాటర్‌హార్న్ పర్వతము సాక్షి. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ మొదలైన ఏడుగురు 4478 మీటర్ల ఆ శిఖరమును ప్రథమముగా అధిరోహించిరి. దిగుచుండగా బృందములో అనుభవము లేని యువకుడొకడు జారినాడు. అతనితోపాటు ముగ్గురు లాగబడిరి. నలుగురికిని, పైనున్న మువ్వురికిని నడుమ తాడు తెగినది. నలుగురును అగాధములో పడిపోయిరి. తరువాత చూడగా అక్కడ కట్టబడినది వారి తాళ్లలో మిక్కిలి పాతది, మిక్కిలి బలహీనమైనది. అంతకంటె దృఢమైన తాళ్లు వారి వద్దనే ఉండెను. ఆ కథ చదివి వినిపించినప్పుడు మా వాడు జాబితాలో "పాత తాడు" అని వ్రాసిన పంక్తిని తానే కొట్టివేసినాడు.

గురుముఖత

నేను కృష్ణయజుర్వేదము గురుకులములో చదివితిని. సంహిత రాకుండ పదము లేదు, పదము లేక క్రమము లేదు, క్రమము లేక జట లేదు, జట లేక ఘన లేదు. ధనమిచ్చి ఘనాపాఠిని వెంటబెట్టుకొనవచ్చును గాని, ఘనను కొనలేము. ఏకయజమానమైన కర్మలో ద్రవ్యమునకు ప్రతినిధి ఉండవచ్చును గాని యజమానునికి ప్రతినిధి లేడు. కొండపై యజమానుడనగా ఎక్కువాని దేహమును, అభ్యాసమును. వానిని అద్దెకు తేలేము.

"అనుభవము అక్కరలేదు" అను మాట యందలి దోషమిదియే. ఆ యాత్రలో అంగములు లోపింపవు, యజమానుడే లోపించును.

తక్కువ వెలకు గురుముఖముగా నేర్చుకొనుటకు మన దేశములో ఏర్పాటు కలదు. టెన్సింగ్ నోర్గే ఎవరెస్టు నధిరోహించిన మరుసటి యేడు, 1954లో, డార్జిలింగులో హిమాలయ పర్వతారోహణ సంస్థ వెలసినది. 1965లో ఉత్తరకాశీలో నెహ్రూ సంస్థ వచ్చినది. పహల్‌గామ్‌లోను, మనాలిలోను ప్రభుత్వసంస్థలున్నవి. ప్రాథమిక శిక్షణ సుమారు నాలుగు వారములు. భోజనము, వసతి, సామగ్రి ఆ రుసుములోనే చేరియుండును. క్రాంపాన్లు, గొడ్డలి కొని ఇంటిలో పెట్టుకొనుటకు అగు వ్యయముతో పోల్చిన, అభ్యాసకునికి ఇంతకంటె లాభదాయకమైనది లేదు. అందులో ఉత్తమశ్రేణి పొందినవారికే పై శిక్షణకు అర్హత. ఇదియు క్రమపాఠమే.

పూర్వము గంగోత్రీ యాత్రలో ఉత్తరకాశీ విశ్వనాథుని దర్శించి పైకి పోవుచు, టేఖలా వద్ద రాతికొండపై శిక్షణ పొందువారిని కొంతసేపు చూచితిని. ఒక బాలుడు చేతికి మందమైన ఊలుతొడుగులతో, కన్నులు మూసికొని, తాడుకు ముడి వేయుచుండెను. తప్పిన ప్రతిసారియు శిక్షకుడు విప్పించి మరల వేయించెను. చీకటిలో, చలిలో, వ్రేళ్లు మొద్దుబారినప్పుడు ఆ ముడియే ప్రాణము. పవిత్రమునకు దర్భముడి చీకటిలోనైన వేయగలుగువరకు మా గురువుగారు మమ్ము విడువలేదు. విద్య చేతిలోనికి దిగుట ఒక్కటే.

ధనహీనులకు ఈ మార్గము తెరువబడియున్నదనుటకు మన తెలుగుబిడ్డలే నిదర్శనము. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, పదమూడేండ్ల పదకొండు నెలల వయస్సున, ఖమ్మము ప్రాంతపు ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు శిఖరమును చేరినది. ఇరువురును సాంఘికసంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు, నిరుపేద కుటుంబములవారు. కాని వారు మొట్టమొదట ఎక్కినది ఎవరెస్టు కాదు, భువనగిరి ఏకశిల. అటుపిమ్మట డార్జిలింగులో శిక్షణ, ఆపై లద్దాఖు శీతము. వారికి వ్యయమును ప్రభుత్వము భరించినది. అంగములను మాత్రము వారే ఒక్కొక్కటిగా పూర్తిచేసికొనిరి.

"ఆల్పైన్ పద్ధతిలో తక్కువ సామాను చాలును గదా" అని మా వాడు వాదించినాడు. నిజమే. 1975లో రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హాబెలర్ ఇరువురే, పై ఎత్తులలో మోయు కూలీలు లేక, ముందుగా బిగించిన తాళ్లు లేక, ప్రాణవాయువు సీసాలు లేక, 8080 మీటర్ల గాషెర్‌బ్రూమ్ ఒకటవ శిఖరమును ఎక్కి దిగిరి. వారి వీపుపై భారము తగ్గినది. ఆ తగ్గిన భారమును అనేక సంవత్సరముల అభ్యాసము మోసినది. సన్న్యాసి దండకమండలములతో తిరుగుట చూచి, గృహస్థు ఇల్లు వదలి బయలుదేరిన అది వైరాగ్యము కాదు.

అభ్యాసమునకు వెల లేదు. మా కొండకు ఆరువందల మెట్లు. ఆ యేడాది ప్రతి శనివారమును అతడు వచ్చి, వెన్నుసంచిలో నీళ్లసీసాలు నింపుకొని ఎక్కి, పైన ఆ నీళ్లు తులసివనమునకు పోసి, మోకాళ్లకు శ్రమ లేకుండ ఖాళీసంచితో దిగెడివాడు. తులసి బాగుగ పెరిగినది. అతని ఊపిరియు నిలకడ చెందినది.

కాలము

కర్మకు కాలమును అంగమే. మంచుకొండపై అది ప్రధానాంగము. రాత్రి గడ్డకట్టిన మంచు సూర్యోదయానంతరము మెత్తబడును. పగలు ముదిరినకొలది మంచు పట్టియుంచిన రాళ్లు ఊడిపడును, హిమపాతములకు అవకాశము హెచ్చును. కనుక ఆరోహకులు అర్ధరాత్రి దాటగనే లేచి, ఎండ ముదురకమునుపే దిగిరావలెనని యత్నింతురు. బ్రాహ్మీముహూర్తమునకు ముందే లేచుట మనకు అలవాటు. వారికి అది ప్రాణరక్ష.

రెండవది ఎత్తునకు దేహము అలవడు కాలము. మూడువేల మీటర్లు దాటిన పిమ్మట నిద్రించు చోటు దినమునకు అయిదువందల మీటర్లకు మించి పెరుగరాదని, మూడు నాలుగు దినములకొకసారి విశ్రమింపవలెనని వైద్యులు చెప్పుదురు. తలనొప్పి, వాంతి, నిద్రలేమి కలిగినచో పైకి పోరాదు. హెచ్చినచో వెంటనే దిగవలెను. ఇందులో రాయితీ లేదు. పది దినములలో ఆరువేల మీటర్లు అనువారు వెలను తగ్గించుట ఈ దినములను తగ్గించియే. జీతగాండ్రకు అన్నిటికంటె ఖరీదైనది సెలవు. కనుక మొదట తగ్గింపబుద్ధి పుట్టునది దానినే. ప్రాణాంతకమైన పొదుపు అదియే.

ఈ లెక్క చూచిన పిమ్మట మా వాడు తానే ఆ ప్రయాణమును మానుకొన్నాడు. ఒక సంవత్సరము ఆగి, జీతనష్టముపై సెలవు సంపాదించి, ప్రాథమిక శిక్షణకు వెళ్లినాడు. బీమాపత్రమును ముందు చదివించితిని. సామాన్య పత్రములలో అనేకము పర్వతారోహణమును మినహాయించును. అతనిదియు అట్లే ఉండుటచే వేరుగా తీసికొన్నాడు. ఆ నాలుగు వారములు మా మరదలు మా ఇంటనే ఉన్నది. శిక్షణ పొందు వారికి కూడ హిమపాతము తప్పదని ఆ పత్రిక ఆమెకు నేర్పినది. ఆ భయమును తీర్చు మాట నా వద్ద లేదు. సాంగముగా చేసినను కర్మఫలము ఈశ్వరాధీనమని మాత్రమే చెప్పగలిగితిని. ఉదయము ఇరువురము మృత్యుంజయజపము చేసెడివారము.

శిక్షణ చివర ఎత్తునకు పోవు దినమున మంచు కురియుటచే శిక్షకులు మధ్యలోనే అందరిని వెనుకకు మరలించిరట. "శిఖరం చూడలేదు పెదనాన్నా, కానీ జారితే గొడ్డలి ముక్కును మంచులో గుచ్చి ఆగడం వచ్చింది" అని ఫోనులో చెప్పినాడు. ఆ మాటలో నిరాశ లేదు. చిన్న క్రతువు పూర్తియైనది.

దేవత

ఒక ప్రశ్న మిగిలినది. హిమవంతుడు దేవతాత్ముడు, గౌరీదేవికి జనకుడు. అతని ఒంటిపై ఇనుపకోరలతో నడచుట అపరాధము కాదా? ఉదయము భూదేవికి పాదస్పర్శాపరాధము క్షమింపుమని వేడుకొనియే మనము అడుగు పెట్టుచున్నాము. ఆ వేడుకోలు కొండపై మరింత అవసరము. 1955 మే 25న 8586 మీటర్ల కాంచనగంగను ప్రథమముగా ఆరోహించిన జార్జ్ బ్యాండ్, జో బ్రౌన్ అను ఇరువురు, సిక్కిం ప్రభువునకిచ్చిన మాటను నిలుపుకొని, శిఖరాగ్రమునకు కొద్ది అడుగుల దిగువనే ఆగి మరలివచ్చిరి. ఆ కొన అక్కడివారికి దైవనివాసము. వారికి తరువాత వచ్చిన అనేకులు ఆ మర్యాదను పాటించిరి. ఆ నాలుగడుగులు వదలుకొన్నందున వారి ఆరోహణము తక్కువైనదని ఎవరును అనలేదు.

కావున ఈ కోరికగల యువకులకు నా మనవి. మొదటి యేడు మీ ఊరి కొండయే మీకు హిమాలయము. మెట్లు, వీపున బరువు, భువనగిరివంటి చోట రాతిపాఠము. రెండవ యేడు గురుముఖముగా నాలుగు వారములు. స్పితి, లద్దాఖు లోయలలో శీతకాలమున గడ్డకట్టిన జలపాతముల నెక్కు విద్య అటుపిమ్మటిది. అదియు పైనుండి తాడు పట్టినవాని సన్నిధిలోనే. కోటు అరువు తెచ్చుకొనుడు, తాడు అరువు తెచ్చుకొనకుడు. రైలుటికెట్టులో పొదుపు చేయుడు, దినములలో చేయకుడు. తల్లిదండ్రులకు చెప్పి వెళ్లుడు. వారి అనుమతియు ఒక అంగము. ఎక్కడనో ఒక అంగము సమకూడకున్నచో ఆ యేడు చిన్న కొండను ఎంచుకొనుడు. అది లోపము కాదు, అధికారవిచారము. చిన్న ఇష్టిని సాంగముగా ముగించి ఇల్లు చేరినవానికి మరుసటి యేడు మరియొక క్రతువునకు అధికారము మిగిలియే ఉండును.

స్వస్తి.